కన్ను మూసిన పొర

మొదటి వారం అందరూ జెండాలే వేశారు.
జెండా, దాని కింద ఒక పళ్లెం తిండి.
ఇరవై రెండు టాబ్లెట్లలో
ఇరవై రెండు విమానాశ్రయాల గోడలు.
తప్పు నాదే. "మీ సంస్కృతిని గీయండి" అన్నాను.
చేపని పిలిచి
నీళ్ల బొమ్మ వెయ్యమన్నట్టు.

రెండో వారం మాట మార్చాను:
మీ ఇంట్లో జరిగేది ఒక్కటి గీయండి,
పక్కింటివాళ్లు చూస్తే "ఇదేంటి?" అనేది.
జెండాలొద్దు. తిండి... సరే, ఉండొచ్చు,
కానీ తినేవాళ్ల చేతులు కనబడాలి.

బయట ఒంటిగంటకే నీలం దిగింది.
వాద్సోలో సూర్యుడు నవంబరు చివర వెళ్లిపోతే
మళ్లీ జనవరిలోనే మొహం చూపించడం.
లైట్లు ఆర్పేశాను.
ఏడో తరగతి మొత్తం
గడ్డాల కింద వెలుగు పెట్టుకుని వంగింది.

ఫెవెన్ పిండి డబ్బాకి ఆనించిన ఫోను గీసింది.
అందులో కంపాలాలో నిద్రపోతున్న అమ్మమ్మ.
"ఎవరం మాట్లాడం టీచర్,
కాల్ మాత్రం కట్ చెయ్యం."

రోజ్‌హత్ గీసినవి మంచు బూట్లు.
చుట్టాలు లేచేలోగా వాటిని గుమ్మం వైపు తిప్పిపెట్టడం
వాడి పని.
"వెళ్లిపొమ్మనా?" అంది వెనక బెంచీ.
"కాదు! వంగక్కర్లేకుండా!"
కోపంతో నలభైసార్లు చెరిపి
నలభై ఒకటోసారి లేసులు కూడా విప్పి పెట్టాడు.

యాళిని ఇంకా పసుపు వెతుకుతూనే ఉంది.
చేపల ఫ్యాక్టరీ నుంచొచ్చిన నాన్న
నిమ్మచెక్కతో చేతులు రుద్దుకున్నాకే
ఆమె తల నిమురుతాడట.
రంగుల చక్రం అంతా తిరిగొచ్చి అంది:
"ఇది కాదు టీచర్. వాసనున్న పసుపు కావాలి."

ఎయిలిఫ్ మాత్రం, "మా ఇంట్లో ఏం లేదు.
మేం మామూలు వాళ్లం," అన్నాడు.
మామూలు అన్న మాటని
తలుపు వేసినట్టు అన్నాడు.

తెల్ల కాగితం పంపాడు.
కానీ ఆ ఫైలు బరువు!
తెరిచి చూస్తే తొమ్మిది పొరలు.
ఎనిమిది ఖాళీ.
తొమ్మిదోదానికి పక్కనున్న కన్ను మూసి ఉంది.
దాని మీద వేలు పెట్టి, తీసేశాను.
పిల్లాడు మూసిన కన్ను.

మర్నాడు అడిగితే
తేలు కుట్టిన దొంగలా కాసేపు నిలబడి,
"నాన్నమ్మ ఎవరికీ చెప్పొద్దంది.
గీయొద్దు అనలేదు," అన్నాడు.
తనే తెరిచాడు.

సగం అల్లిన బూడిదరంగు చేతి తొడుగు.
ఒక్కో కుట్టూ ఒక్కో అంకె:
యుక్సి, కక్సి, కొల్మె.
క్వెన్ భాషలో ఒకటీ రెండూ మూడూ.
బయటివాళ్లు తలుపు తడితే
అదే కుట్టు దగ్గర నార్వేజియన్లోకి మారుతుందట లెక్క,
సూది ఆగకుండానే.
ఇదే ఊళ్లో, ఇదే బడి పేరున్న పాత చెక్కభవనంలో
ఆ అంకెలకే ఆవిడ చెంప వాచింది.
అప్పటినుంచీ, డెబ్భై ఏళ్లు,
నోట్లో నువ్వుగింజ నానుతూనే ఉంది.

నేనూ ఈ బడి మనిషినే.
మార్కుల పట్టిక ముందు పెట్టుకుని
చాలాసేపు కూర్చున్నాను.

వసారాలో ప్రదర్శన రోజు
ఎయిలిఫ్ తెర మళ్లీ తెల్లగానే ఉంది.
నాన్నమ్మ వచ్చింది.
నిద్రపోతున్న అమ్మమ్మ దగ్గరే ఎక్కువసేపు నిలబడింది.
ఫెవెన్ తో ఏదో అడిగింది కూడా.
తర్వాత తెల్ల తెర ముందుకొచ్చి
మనవడి వంక చూసింది.
వాడు మూసిన కన్ను చూపించాడు,
"నీ ఇష్టం," అన్నట్టు.

చేతి తొడుగు తీసి నొక్కింది.
కదల్లేదు.
ఎండిన వేళ్లని ఈ తెరలు గుర్తుపట్టవు.
అప్పుడావిడ
నోట్లు లెక్కపెట్టే ముందు చేసినట్టు
వేలు నాలుకకి అద్దుకుని
మళ్లీ నొక్కింది.

వసారాలో అందరి ముందూ
అంకెలన్నీ వెలిగాయి.
ఆవిడ దగ్గరకి వంగి, కళ్లజోడు సర్దుకుని,
ఒకచోట వేలు పెట్టి ఏదో అంది.
పద్నాలుగో కుట్టు జారిందని, తర్వాత తెలిసింది.
ఏ భాషలో అందో
ఎయిలిఫ్ మొహం చూస్తే
అప్పుడే తెలిసింది.